దేవమణిని కూర్చోబెట్టారు

ఒక్కొక్క వాక్యమే వస్తుంది. తెరమీద ఇంగ్లీషులో ఒక ముక్క పడుతుంది, పది పన్నెండు సెకన్లు ఆగుతుంది, దాని నెత్తిన ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. బంతి కనపడదు, మనుషులు కనపడరు, ఎవరి చెమటా ఎవరికీ అంటదు. ఫలానా ఆమె ఫలానా ఆమెకి బంతి అందించింది, ఫలానా ఆమె ఎగిరి వేసింది, పడలేదు, అంతే. ఆ అంతే కోసం గీతాంజలి ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి వంటిల్లు కడిగి, అత్తగారికి మజ్జిగ ఇచ్చి, ముందుగదిలో నిద్రపోతున్న భర్త చంద్రమౌళి మీద పేపరు ఎగరకుండా ఫ్యాను ఒక గీత తగ్గించి, కూతురి గదిలో కూతురి కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. జగ్గయ్యపేటలో ఈ ఆట సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే, తనూ తన కూతురూ. ఇంటర్నెట్లో ఎవరి జట్టు వాళ్ళకి ఉంటుంది, పన్నెండు మంది బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళు, ఆదివారం ఒక మ్యాచి, బుధవారం ఒక మ్యాచి. ఎవరు మొదట దిగాలో, ఎవరి వెనక ఎవరు రావాలో ముందే రాసి పంపాలి. మ్యాచి మొదలయ్యాక మన చేతులు కట్టేసినట్టే. లోపల కంప్యూటరే ఒక కోచ్ వేషం వేసుకుని ఉంటుంది, ఎవర్ని ఎప్పుడు బయటికి పిలవాలో, ఎవర్ని లోపలికి తోలాలో అదే చూసుకుంటుంది, మనం చదువుతూ కూర్చోవాలి. సాయిప్రియ తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టింది ఈ జట్టుని. ఇప్పుడు ఇంటరు మొదటి సంవత్సరం, విజయవాడ అవతల హాస్టల్లో ఉంది, అక్కడ కంప్యూటరు ముట్టుకోనివ్వరు. అయిదు నెలలుగా జట్టు గీతాంజలి చేతిలో ఉంది. వెళ్ళేముందు పిల్ల లాంగ్ నోట్‌బుక్కులో రెండు పేజీల సూచనలు రాసిచ్చింది. మొదటిది ఎర్ర సిరాతో: అమ్మా, కోచ్‌ని మాత్రం నమ్మకు.

మొదటి పది నిమిషాలు దేవమణి బాగా ఆడింది. ఎనిమిది పాయింట్లు. ఆ పేరు కంప్యూటరు పెట్టినదే, అది పెట్టే పేర్లు ఇంటిపేరు ఒక రాష్ట్రానిదీ సొంత పేరు ఇంకో రాష్ట్రానిదీగా ఉంటాయి. నిజానికి వాక్యాల్లో దేవమణిని 'అతడు' అనే అంటారు. కానీ సాయిప్రియ మొదటిరోజే తేల్చేసింది. "దేవమణి అమ్మాయే అమ్మా. చూడు, ఎవరు తోసినా ఒక్క మాటనదు, లేచి మళ్ళీ పరిగెత్తుద్ది." అప్పట్నుంచి జట్టంతా ఆడపిల్లలయిపోయారు, ఒక్క చిన్నబాబు తప్ప. అతని అసలు పేరేదో నోరు తిరగనిది. ముప్ఫయ్ అయిదేళ్ళవాడు, దేవమణి బయటికొస్తే ఆ చోట్లోకి దిగేవాడు, గుండిగలో రాయి వెయ్యమన్నా గురి తప్పేవాడు. చిన్నబాబు అని పిల్లే పెట్టుకుంది. కోచ్‌కి చిన్నబాబంటే ప్రాణం. దేవమణి రెండు తప్పులు, అదే ఫౌళ్ళు, చేసిందంటే చాలు, తీసి కూర్చోబెడుతుంది కంప్యూటరు, ఇంకో తప్పు చేస్తుందేమోనని. చేసిన తప్పుకి కాదు, చెయ్యబోయే తప్పుకి. మూడో తప్పు, మళ్ళీ కూర్చోబెడుతుంది. నాలుగో తప్పు చేసిందా, ఇక ఆ పిల్ల మాట మర్చిపోవచ్చు, అయిదో తప్పుతో ఎటూ పంపించేస్తారు కనక, పంపించేస్తారన్న భయంతో ముందుగానే పంపించేస్తుంది. ఆ తెలివికి గీతాంజలికి మొదట్లో నవ్వొచ్చేది.

వీధిలో లారీ వెనక్కి తీస్తున్నారు, రానీ రానీ రానీ, ఇంకొంచెం, చాల్. పత్తి బేళ్ళ లారీ అయి ఉంటుంది, నవంబరు కదా. సందులోంచి లేచిన దుమ్ము కిటికీ ఊచల మీద కూర్చుంది, ఈ ఊళ్ళో దుమ్ము తుడిస్తే గుడ్డకి సున్నంలా తెల్లగా అంటుకుంటుంది, పెళ్ళయి వచ్చిన కొత్తలో నందిగామ దుమ్మే నయం అనేది, ఎర్రగా అయినా ఉంటుంది. రెండో పది నిమిషాలు మొదలయ్యాయి. దేవమణి బంతి అందుకుంది. దేవమణి ఎదుటి మనిషిని తప్పించింది. అది వేస్తుందా లేదా అన్నది పది పన్నెండు సెకన్ల తర్వాత, ఆ పది పన్నెండు సెకన్లు ఊపిరి ఎక్కడ పెట్టుకోవాలో ఆటలో ఎవరూ చెప్పరు. పడింది. ఇరవై రెండు, పదిహేను. మనమే పైన.

ఇవాళ్టిది మామూలు మ్యాచి అయి ఉంటే ఇంత ఉండేది కాదు. నాలుగు ఆదివారాల క్రితం హాస్టలు రూపాయి బిళ్ళ ఫోను లోంచి సాయిప్రియ మామూలుగానే మొదట స్కోరు అడిగింది, గెలిచామని చెబితే మామూలుగానే "అబ్బో" అంది, తర్వాత గొంతు మార్చకుండానే అంది. "అమ్మా, ఒక పందెం. ఈ సీజన్లో మన జట్టు కింది మెట్టుకి పడిపోకుండా నిలబడిందనుకో, నేనూ ఇక్కడే ఉంటా, పరీక్షలయ్యేదాకా నోరెత్తను. పడిపోతే మాత్రం వచ్చి తీసుకెళ్ళాలి. సరేనా?" గీతాంజలి నవ్వి సరే అంది. జట్టు అప్పుడు మూడో స్థానంలో ఉంది, పడే మాటే లేదు, పిల్లకి ఉత్సాహం రావాలని అన్న సరే అది, పసివాళ్ళకి చెప్పే సరే. ఒట్టేనా అంటే ఒట్టే అంది. తర్వాత వరసగా ఆరు మ్యాచిలు పోయాయి. ఆరింట్లో అయిదు, కోచ్ దేవమణిని కూర్చోబెట్టాకే పోయాయి. వారం వారం స్థానం దిగజారుతూ ఇవాళ ఆఖరి మ్యాచికొచ్చింది, ఇందులో గెలిచినవాళ్ళు ఉంటారు, ఓడినవాళ్ళు కింది మెట్టుకి పోతారు. నాలుగున్నర దాటాక పిల్ల ఫోను చేస్తుంది. పిల్లకి ఏ మాట చెప్పాలో ఈ గంట తేలుస్తుంది. ఈ పందెం సంగతి చంద్రమౌళికి తెలియదు. చెబితే ఏమంటాడో తెలుసు, ఆయన చెడ్డమాట అనడు, నవ్వుతాడు, "కంప్యూటర్లో బొమ్మలు ఓడిపోతే పిల్ల చదువు మానిపిస్తావా గీతా?" అంటాడు, అది ఎంత సబబైన మాటంటే దానికి జవాబే ఉండదు.

ఇదంతా ఇట్లా గుండె చేత్తో పట్టుకుని చదవాల్సిన అవసరమే ఉండకపోను. తప్పు తనది. పొద్దున పదీ పావుకి టిఫిన్లయ్యాక కూర్చుని అన్నీ పద్ధతిగా నింపింది, నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని, మొదటి అయిదుగురు, వెనక అయిదుగురు, చిన్నబాబు పేరు ఎక్కడా లేకుండా, మార్పులు కోచ్ ఇష్టం అన్నచోట టిక్కు తీసేసి, ఇచ్చిన జాబితానే పాటించాలి అన్నచోట టిక్కు పెట్టి. ఇక పంపు అన్న మీట నొక్కడమే. అప్పుడే అత్తగారు ఆండాళమ్మ క్యాలెండరు చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. "అమ్మాయ్, ఇప్పుడు వర్జ్యం నడుస్తోంది, పదకొండూ నలభై దాకా. ఆ కొత్త జాడీలో ఉసిరికాయ ఇప్పుడు పెట్టమాక." ఆవిడ అన్నది ఉసిరికాయ పచ్చడి సంగతి. సరేనండి అత్తయ్యా అంటూనే గీతాంజలి వేలు మీట మీంచి జరిగింది. బీయస్సీ చదివింది, వర్జ్యాలకీ దుర్ముహూర్తాలకీ తలూపుతుందే గాని నమ్మదు, నమ్మనని తనలో తను ఎన్నిసార్లు అనుకుందో. కానీ పన్నెండింటిదాకా గడువుంది, పదకొండూ నలభైకి నొక్కితే పోయేదేముంది, ఇరవై నిమిషాలు చాలదా, పిల్ల విషయం కదా. ఆగింది. పదకొండున్నరకి కరెంటు పోయింది. మధ్యాహ్నం రెండింటికి కోత అని లైనుమన్ చెప్పిన రోజు పదకొండున్నరకి పోయింది. కంప్యూటరు కింద బ్యాటరీ డబ్బా మూడుసార్లు కుయ్యో కుయ్యో అని కన్ను మూసింది. ఊరంతా పోతే ఇంకే నెట్‌సెంటరుకి పరిగెత్తాలి? ఒంటిగంటకొచ్చింది కరెంటు. తెర తెరిస్తే ఎర్ర అక్షరాలు, గడువు ముగిసినందున గత మ్యాచి ఆదేశాలే వర్తిస్తాయి. గత మ్యాచి అంటే బుధవారంది, ఊరికే ఆడుకునే లెక్కలేని మ్యాచి, పప్పు పొయ్యి మీద పెట్టొచ్చి హడావిడిగా అన్నీ కోచ్ ఇష్టం అని పెట్టేసి పోయింది. జూన్లో పిల్లని హాస్టల్లో దింపిన రోజు కూడా మంచి ఘడియ చూసే దింపారు. తొమ్మిదీ పన్నెండుకి కుడికాలు గేటు లోపల. పిల్ల ఆ గేటు ముందు ఒంటికాలి మీద నిలబడి, గడియారం చూసుకుంటున్న నాన్నని చూసి, "నాన్నా, ఇప్పుడా? ఇప్పుడా?" అని నవ్వించింది అందర్నీ. లోపలికెళ్ళాక వెనక్కి తిరిగి చూసినప్పుడు నవ్వు లేదు. లేదని అప్పుడు అనిపించలేదు, ఎండకి మొహం చిట్లించిందనుకున్నారు.

రెండో తప్పు. దేవమణి చెయ్యి అడ్డం పెట్టిందట. తరవాతి వాక్యంలోనే చిన్నబాబు వచ్చేశాడు. "చూశావా," అంది గీతాంజలి పైకే. గదిలో ఎవరూ లేరు. "ఇప్పుడు ఏమయిందని తీశావు?" అవతలి గదిలోంచి ఆండాళమ్మ "ఎవరే?" అంది. "ఎవరూ లేదత్తయ్యా." "ఆ పెట్టెతో గొడవ ఇంకా అవలేదూ? మగవాళ్ళు క్రికెట్‌తో పోట్లాడతారు, నువ్వు దీంతోనా." ఆవిడకి కోపం లేదు, అలవాటే. చిన్నబాబు బంతి అందుకున్నాడు. చిన్నబాబు వేశాడు. పడలేదు.

కాలేజీలో తనకి ఆట నేర్పిన కొండలరావు మాస్టారు అయితే. నందిగామ కాలేజీలో మట్టి కోర్టు, ఒక రింగుకి వల ఉండేది, ఒకదానికి లేదు, వల లేనివైపు వేస్తే పడిందో లేదో మాస్టారు చెబితేనే. ఆయన పొట్ట ముందుకి, విజిల్ మెళ్ళో, చేతిలో ఎప్పుడూ వేరుశనక్కాయలు. ఆడపిల్లలు ఆడటమేమిటని ప్రిన్సిపాల్ గారే అన్న రోజుల్లో ఏడుగురిని పోగేశాడు. ఎనభై ఎనిమిదిలో గుంటూరు తీసుకెళ్ళాడు, యూనివర్సిటీ పోటీలకి. పైజమాలు, పైన కాలర్ చొక్కా, జడలు పైకి కట్టి. ఆ మ్యాచిలో తనకి నాలుగు తప్పులయ్యాయి, ఇంకా ఆరు నిమిషాలుంది. మాస్టారు చెయ్యెత్తి ఆట ఆపించాడు. దగ్గరికి పిలిచి మొహంలోకి చూశాడు. చేతిలో వేరుశనక్కాయలు జేబులో పోసుకుని మరీ చూశాడు. "ఏమ్మా, ఆడతావా?" అన్నాడు. "ఆడతానండి." "అయితే పో." పోయింది. నిమిషం తిరక్కుండా అయిదో తప్పు చేసింది, బయటికి పంపేశారు, ఓడిపోయారు. తిరుగు బస్సులో ఏడుస్తుంటే ఆయన శనక్కాయలు ఒలిచి ఇచ్చాడు, తిట్టలేదు, సమర్థించనూ లేదు. ఆయన చేసింది తప్పే, లెక్క ప్రకారం చూస్తే ఈ కంప్యూటరు చేసేదే రైటు. ఇరవై ఏళ్ళవుతోంది, ఆ రోజు ఓడిపోయిన స్కోరు గుర్తులేదు, అడిగాడన్నది గుర్తుంది.

ఇవన్నీ సాయిప్రియకి ఆలస్యంగా తెలిశాయి. ఆట మొదలుపెట్టిన కొత్తలో, ఎదుటివాళ్ళు మధ్యలో గుమిగూడి ఆడుతుంటే దూరం నుంచి వేసేవాళ్ళని పెట్టాలే అని వెనక నిలబడి కాఫీ తాగుతూ అంది గీతాంజలి. పిల్ల కుర్చీ గిర్రున తిప్పింది. "నీకెట్టా తెలుసు?" "ఆడాను కాబట్టి." నమ్మలేదు. నందిగామకి ఫోను చేసి అమ్మమ్మని అడిగింది. "అమ్మమ్మా, అమ్మ నిక్కరేసుకుని ఆడిందంటగా!" "నిక్కరా నా బొందా, పైజమా. ఆ పైజమాకి కూడా మీ తాతయ్య మూడ్రోజులు మాట్లాళ్ళేదు." ఆ తర్వాత రెండేళ్ళు, స్కూలు నుంచొచ్చి సంచీ పడేసి, ఇద్దరూ ఈ కుర్చీ ఒకరూ ఆ స్టూలు ఒకరూ. అన్నం కలుపుకొచ్చి ముద్దలు పెడుతుంటే పిల్ల తెర మీంచి కళ్ళు తియ్యకుండా నోరు తెరిచేది. కోచ్‌ని ఇద్దరూ కలిసి తిట్టేవాళ్ళు. వీడి ఇల్లు బంగారంగానూ, వీడికి కళ్ళున్నాయా, చిన్నబాబు వీడికి బావమరిదా ఏంటి. ఆ తిట్లలో ఉన్నంత సుఖం గెలుపులో కూడా లేదు.

మూడో పది నిమిషాలు. యాభై ఒకటి, నలభై మూడు. దేవమణి మళ్ళీ లోపలికొచ్చింది, వచ్చీ రాగానే రెండు వేసింది, తర్వాత మూడో తప్పు చేసింది, తీశారు, పెట్టారు. ఎడమ పక్కన చిన్న పెట్టెలో అందరి ఓపికలు శాతాల్లో ఉంటాయి, దేవమణి డెబ్భై ఒకటి. కోచ్ చూసేది అవే, ఓపిక ఎంత, తప్పులు ఎన్ని, పాయింట్లు ఎన్ని. డెబ్భై ఒకటి. మొన్న హాస్టలు నుంచి వచ్చిన ప్రోగ్రెస్ కార్డులో కూడా డెబ్భై ఒకటే, అంతకుముందు డెబ్భై ఎనిమిది, అంతకుముందు ఎనభై నాలుగు. ప్రతి వారం పరీక్ష పెడతారు, సోమవారం పొద్దున కంప్యూటరు లిస్టు గోడకి అంటిస్తారు, దాన్నిబట్టి సెక్షను మారుతుంది, సెక్షనుతో పాటు బెంచీ, మాస్టారు, పడుకునే గది కూడా. చందర్లపాడు అమ్మాయి ఒకతె స్నేహమయింది, ఇద్దరూ ఒకే దుప్పటి కింద గుసగుసలాడుకుంటామని మొదటి నెల్లో సంబరంగా చెప్పింది. ఆ అమ్మాయి పై సెక్షనుకి పోయింది. "కలుస్తావుగా అన్నం దగ్గర?" అంటే "వాళ్ళ బ్యాచి వేరమ్మా" అంది. కార్డు వచ్చినప్పుడల్లా చంద్రమౌళి దాన్ని వెలుగులోకి పట్టుకుని చదివేవాడు, గీతాంజలి ఆయన భుజం మీంచి. ఫిజిక్సు తగ్గింది. మ్యాథ్సు ఏ, బీ రెండూ అంతే. కొంచెం శ్రద్ధ పెట్టమందాం. పిల్ల ఎలా ఉందో ఆ కార్డులో ఒక గడి ఉంటే బావుణ్ణని ఎప్పుడూ అనుకోలేదు, అది ఉండాల్సిన చోటు లేదు కనక ఆ ప్రశ్నా లేదు. పదో తరగతి ఫలితాల రోజు ఇంట్లో అందరూ కలిసి మాట్లాడారు, లెక్కలా, బయాలజీనా? విజయవాడా, గుడివాడా? పిల్లని కూడా కూర్చోబెట్టే మాట్లాడారు, ఇంత వెలుతుర్లో, ఇంత ప్రేమగా. వెళతావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే వెళతాననే చెప్పేదేమో. అయినా.

ఆఖరి పది నిమిషాలు. అరవై రెండు, యాభై మూడు. తొమ్మిది పైన ఉన్నాం. ముందుగదిలో మంచం కిర్రుమంది, చంద్రమౌళి లేచాడు, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. దేవమణి నాలుగో తప్పు. ఇంకా ఎనిమిది నిమిషాలుంది. తరవాతి వాక్యం ఏం వస్తుందో తెలుసు, తెలిసీ పది పన్నెండు సెకన్లు ఆశపడింది. దేవమణి స్థానంలో చిన్నబాబు. సరే, రెండు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ పంపుతాడు. అరవై రెండు, యాభై ఆరు. పంపుతాడు. అరవై నాలుగు, అరవై ఒకటి. దేవమణి ఓపిక ఎనభైకి ఎక్కింది, ఎనభై అయిదుకి ఎక్కింది, బెంచీ మీద ఊరికే కూర్చుంటే ఎక్కుతుంది మరి. తొంభై. ఇంత ఓపిక పెట్టుకుని ఆ పిల్ల ఏం చెయ్యాలి అక్కడ? అది మనిషై ఉంటే లేచి నిలబడేది, కోచ్ వైపు చూసేది, మోకాళ్ళ మీద చేతులు రుద్దుకునేది. ఇది వాక్యం, పిలిస్తేనే ఉంటుంది. చిన్నబాబు బంతి జారవిడిచాడు. సమానం. ఇంకా నాలుగు నిమిషాలు. పంపరా, పంపరా నాయనా, నీకు దణ్ణం పెడతా. గెలవాలి. గెలిస్తే పిల్ల ఉండిపోతుంది, నోరెత్తదు, పరీక్షలు రాస్తుంది, ఈ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

ఆ మాట దగ్గర గీతాంజలి మనసు ఒక్కసారి కాలు మడతపడినట్టు ఆగింది. గెలిస్తే పిల్ల ఉండిపోతుంది. తను గెలవాలని కోరుకుంటోంది. పిల్ల ఆ పందెం కట్టినప్పుడు ఏది కోరుకుంది? జట్టు మూడో స్థానంలో ఉన్నప్పుడు, పడిపోయే దారే లేనప్పుడు, పడిపోతే తీసుకెళ్ళమని ఎందుకు అడుగుతుంది ఎవరైనా? ఎటూ జరగదని తెలిసిన చోట పెట్టుకుంది తన కోరికని, అడిగినట్టూ ఉండాలి, అడగనట్టూ ఉండాలి. తర్వాత ప్రతి ఆదివారం ఓడిపోయామని చెబుతుంటే "అయ్యో" అనేది. ఆ అయ్యోలో ఏముందో ఫోనులో తెలియదు. ఫోనులో మొహం కనపడదు.

అరవై తొమ్మిది, డెబ్భై. చిన్నబాబు ఆఖరిసారి వేశాడు. పది పన్నెండు సెకన్లు. పడలేదు. ఆట అయిపోయింది. తెరమీద కింది మెట్టు గుర్తు, ఒక చిన్న ఎర్ర బాణం, జట్టు పేరు పక్కన. దేవమణి, ఇరవై ఒక్క పాయింట్లు, ఓపిక తొంభై ఆరు.

ఫోను అయిదుంబావుకి మోగింది. చంద్రమౌళే ఎత్తాడు, తల తుడుచుకుంటూ. "ఆఁ, సాయీ! తిన్నావా? లిస్టు ఎప్పుడంటా, రేపా? ఏం, కిందికేనా మళ్ళీ? సర్లే, బాధపడకు, ఈ మూడు నెలలు ఓపిక పట్టావంటే అయిపాయె. ఆఁ, ఆఁ. ఇదిగో అమ్మ." పిల్ల వేసే మూడు రూపాయి బిళ్ళల్లో ఒకటిన్నర అయిపోయాయి. రిసీవరు వెచ్చగా ఉంది. ఆయన పక్కనే నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు, లారీ దింపుకోవడానికి షాపుకి పోవాలి. గీతాంజలి గంట నుంచీ ఏం చెప్పాలో అనుకుంటూనే ఉంది, ఓడిపోయామమ్మా, నేనొచ్చి తీసుకొస్తా, అని రెండు ముక్కలు సిద్ధంగా ఉన్నాయి నోట్లో.

"అమ్మా. ఏమయింది?" అంది సాయిప్రియ. వెనక బోలెడు గొంతులు, వంతు కోసం తోసుకుంటున్న పిల్లలు.

చంద్రమౌళి చివరి గుండీ పెట్టుకుని, ఏమంటోందన్నట్టు కళ్ళెగరేశాడు.

"గెలిచాం," అంది గీతాంజలి.

"నిజంగానా?"

"నిజంగా."

"దేవమణి ఎన్నేసింది?"

"ఇరవై ఆరు."

"కోచ్ తియ్యలేదూ?"

"లేదమ్మా. ఆఖరిదాకా ఉంచాడు."

"అట్టాగా," అంది పిల్ల. కోచ్ ఆఖరిదాకా ఉంచడు, ఇద్దరికీ తెలుసు అది, ఎర్ర సిరాతో రాసిన సంగతి. పిల్ల అడగలేదు. "అయితే ఉంటాలే అమ్మా," అంది, సామాను దింపుకున్నాక బండివాడితో ఇక పో అన్నట్టు. ఎవరో వెనకనుంచి "నీ టైమైపోయిందే, జరుగూ" అన్నారు. కుయ్యిమని తెగింది.

"ఏమంది?" అన్నాడు చంద్రమౌళి చెప్పులేసుకుంటూ. "ఉంటానంది." "మంచి పిల్ల. నాన్చకుండా చెప్పుద్ది." ఆయన గుమ్మం దిగి, సందు మలుపు తిరిగేదాకా గీతాంజలి అక్కడే నిలబడింది. ఇరవై ఆరు. ఇరవై ఒకటికి అయిదు ఎందుకు కలిపింది, ఏం తొందర, అంత చక్కగా అంకె ఎలా వచ్చింది నోటికి. ఇట్లాంటి అబద్ధాలు పరాయివాళ్ళు ఆడతారనుకుంది ఇన్నాళ్ళూ. ఫోను బల్ల సొరుగులో హాస్టలు వాళ్ళ కార్డుంది, పేరెంట్స్ అత్యవసరమైతేనే చెయ్యాలని అడుగున చిన్న అక్షరాలు. చేసింది. ఎంగేజి. మళ్ళీ చేసింది. ఎంగేజి. ఎన్నిసార్లో. చూపుడు వేలు గోరు దగ్గర నొప్పెట్టింది. ఆండాళమ్మ దీపం వెలిగించుకుని వచ్చి చూసి వెళ్ళింది.

ఎత్తారు. ఒక ఆడగొంతు. "హాస్టలండీ."

"జగ్గయ్యపేట నుంచండి. మా అమ్మాయి సాయిప్రియ, ఫస్టియరు. ఒక్కసారి పిలుస్తారా?"

"కాల్ టైము అయిపోయిందమ్మా. స్టడీ అవరు బెల్లు కొట్టేశారు. మళ్ళీ ఆదివారమే."

"పోనీ ఒక మాట చెప్పండి చాలు. ఓడిపోయామని చెప్పండి."

"ఏంటమ్మా?"

"ఓడిపోయామని. అమ్మ ఫోన్ చేసి ఓడిపోయామని చెప్పిందనండి."

"ఎవరు ఓడిపోయారమ్మా? ఇంట్లో ఏవన్నా..."

"అయ్యో, అదేం కాదండి, అందరం బాగానే ఉన్నాం. తనకి తెలుస్తుంది. నేనిందాక పొరపాటు చెప్పా, అది కాదు, ఓడిపోయాం అని. అంతేనండి."

వార్డెను ఏదో కాగితం వెతుకుతున్న చప్పుడు. "నేనొచ్చి వారమేనమ్మా, నాకింకా పేర్లు తెలీవు. సాయిప్రియలంటే నలుగురైదుగురుంటారు. మనిషెట్టా ఉంటుందో చెప్పండి, చూస్తే గుర్తుపడతా."

మనిషెట్టా ఉంటుంది. జూన్లో చూసింది, దసరాకి మూడు రోజులు చూసింది. "పొడుగ్గా ఉంటుందండి," అంది గీతాంజలి. "ఎవరితోనన్నా మాట్లాడేటప్పుడు కాస్త వంగుతుంది, వాళ్ళకి సమంగా ఉండాలని. ఇందాకే ఫోన్ దగ్గర్నుంచి వెళ్ళి ఉంటుంది."

"ఓ, ఏడ్చుకుంటా పోయింది, ఆ పిల్లేనా?"

"ఆ పిల్లేనండి."

"ఉండండి, లైను పెట్టెయ్యమాకండి. పిలుస్తా, మా మేడమ్‌కి చెప్పొద్దు మళ్ళీ." రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడు, చెప్పులు దూరమవుతున్న చప్పుడు. తర్వాత అక్కడి గది అంతా గీతాంజలి చెవిలోకి వచ్చింది. ఎవరో ఏదో సూత్రం వల్లిస్తున్నారు, మధ్యలో మర్చిపోయి మళ్ళీ మొదటికొస్తున్నారు, బక్కెట్టు ఈడుస్తున్నారు, ఒకతె కిసుక్కున నవ్వింది. "పొడుగమ్మాయి ఏదే? పేట నుంచి ఫోనూ," అని వార్డెను దూరంగా అడిగితే, పొడుగమ్మాయీ అని ఒక పిల్ల అందుకుంది, ఆ పిల్ల దగ్గర్నుంచి ఇంకో పిల్ల, మెట్ల మీద ఒకతె, పైన ఇంకెవరో. గొంతు మారి గొంతు మారి ఆ పిలుపు లోపలికి, ఇంకా లోపలికి పోతుంటే, ఎక్కడ ఆగుతుందో వినడానికి గీతాంజలి రిసీవరుని చెవికి అదుముకుంది.